పొగ పీల్చాలా, విడిచిన గాలే మళ్లీ పీల్చాలా? కార్ల కంపెనీలకు బహిరంగ లేఖ

కార్ల తయారీ కంపెనీల యాజమాన్యాలకు, ఏసీ విభాగం డిజైన్ చేసే ఇంజనీర్లకు,

నమస్కారం.

నేను కార్ల ఏసీలు బాగుచేసే మెకానిక్‌ని. మీరు తయారుచేసిన కార్లు కొన్నాళ్లు రోడ్ల మీద తిరిగాక నాలాంటి వాళ్ల దగ్గరికి వస్తాయి. షోరూమ్‌లో తళతళలాడే డ్యాష్‌బోర్డ్ వెనక ఏముంటుందో, అది పోనుపోను ఎలా తయారవుతుందో చూసే పని మాది. ఆ చనువుతోనే ఈ లేఖ రాస్తున్నాను. విషయం క్యాబిన్ ఫిల్టర్, అంటే మేమంతా ఏసీ ఫిల్టర్ అనే వస్తువు.

అడిగేది ముందే చెప్పేస్తాను. కారులో మీరు పెట్టే ఫిల్టర్ ఎంత సన్నటి కణాన్ని ఎంత శాతం ఆపుతుందో కొనేవాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి. ఆ అంకె చెప్పుకోదగ్గదిగా ఉండే ఫిల్టరే పెట్టండి. చిన్న కోరికలా కనిపించవచ్చు. కానీ కారులో కూర్చున్న మనిషి ఊపిరితిత్తుల్లోకి ఏం పోతుందన్నది చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంది.

ట్రాఫిక్‌లో డ్రైవర్ ఏం చేస్తాడో మీకు తెలియంది కాదు. ముందున్న లారీ నల్లగా పొగ వదలగానే చెయ్యి రీసర్క్యులేషన్ బటన్ మీదికి పోతుంది. బయటి గాలి ఆగిపోతుంది, లోపలి గాలే తిరుగుతుంటుంది. వాసన తగ్గుతుంది, ఏసీ కూడా బాగా చల్లబడుతుంది. దాంతో ఆ బటన్ అలాగే ఉండిపోతుంది. చాలామంది కార్లలో అది నెలల తరబడి ఆన్‌లోనే ఉంటుంది. అదేమిటని అడిగితే "ఆఫ్ చేస్తే పొగ వస్తుందండీ" అంటారు. వాళ్లు చెప్పేది నిజమే.

అయితే దానికి వాళ్లు ఇంకో రకంగా మూల్యం కడుతున్నారు. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి సుమారు పావు లీటరు కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. నలుగురు కూర్చుంటే లీటరు. మామూలు కారు క్యాబిన్‌లో పట్టే గాలి దాదాపు 3,000 లీటర్లు. ఎక్కడా సందు లేకుండా మూసేస్తే నిమిషానికి 300 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 300 వంతులు) పైగా పెరుగుతుందన్నమాట. బయటి గాలిలో ఉండేది 420 పీపీఎంకి కాస్త అటూఇటూ. కారు పూర్తిగా బిగుసుకుపోయిన పెట్టె కాదు, తలుపుల సందుల్లోంచి, కింది రంధ్రాల్లోంచి గాలి వచ్చిపోతుంటుంది కాబట్టి అంత వేగంగా పెరగదు. అయినా నలుగురున్న కారు నెమ్మదిగా కదిలే ట్రాఫిక్‌లో ఉంటే కొద్దిసేపట్లోనే 2,000 దాటిపోతుంది. దూర ప్రయాణాల్లో తల బరువెక్కినట్టు, గాలి ఆడనట్టు, ఆవులింతల మీద ఆవులింతలు వచ్చినట్టు అనిపించేది ఇలాంటప్పుడే. వెనక సీట్లో పిల్లలు నిద్రపోతే పోనీ అనుకోవచ్చు. స్టీరింగ్ పట్టుకున్న మనిషికి ఆ మగత వస్తే?

అంటే మీ కారులో కూర్చున్నవాళ్లకు రెండే దారులు మిగిలాయి. బటన్ ఆఫ్ చేసి పొగ పీల్చడం, ఆన్ చేసి తాము విడిచిన గాలినే మళ్లీ మళ్లీ పీల్చడం. ఈ తిప్పలు తప్పించగలిగేది మంచి ఫిల్టర్ ఒక్కటే.

అదెలాగో మీ ఇంజనీర్లకు నేను చెప్పక్కర్లేదు కానీ, ఈ లేఖ చదివే కార్ల యజమానులకు చెప్పాలి. చాలా కార్లలో ఫిల్టర్ గాలి తోసే ఫ్యాన్ అయిన బ్లోవర్‌కి పక్కన, కూలింగ్ కాయిల్‌కి ముందు ఉంటుంది. రీసర్క్యులేషన్‌లో ఉన్నప్పుడు లోపలి గాలి అదే ఫిల్టర్‌లోంచి పదేపదే పోతుంది. ఫిల్టర్ నాసిరకమైనా, ఒకసారికి సగం కణాలనే ఆపినా, తిరిగి తిరిగి వచ్చేసరికి చాలావరకు శుభ్రపడుతుంది. బయటి గాలి తీసుకునేటప్పుడు అలా కాదు. వైపర్ల దగ్గరి జాలీలోంచి దూరిన గాలి ఫిల్టర్‌ని ఒక్కసారే దాటుతుంది, అక్కడి నుంచి నేరుగా ముక్కుల్లోకే. అక్కడ ఫిల్టర్‌కి రెండో అవకాశం లేదు. ఆ ఒక్కసారిలోనే గట్టిగా పట్టగలిగితే బయటి గాలి ధైర్యంగా లోపలికి రానివ్వవచ్చు. కార్బన్ డయాక్సైడ్ పేరుకోదు, అద్దాల మీద ఆవిరి పట్టదు. ఇంకో లాభం కూడా ఉంది. బయటి గాలిని బ్లోవర్ లోపలికి నెడుతున్నప్పుడు క్యాబిన్‌లో ఒత్తిడి బయటికన్నా రవ్వంత ఎక్కువగా ఉంటుంది. అప్పుడు సందుల్లోంచి గాలి బయటికి పోతుందే తప్ప పొగ లోపలికి దూరదు. రీసర్క్యులేషన్‌లో ఆ ఒత్తిడి ఉండదు. ఏ సందు దొరికితే ఆ సందులోంచి, ఏ ఫిల్టరూ లేకుండానే బయటి గాలి వచ్చేస్తుంది.

కాబట్టి అసలు ప్రశ్న, బయటి గాలి ఫిల్టర్‌ని ఒక్కసారి దాటినప్పుడు ఎంత సన్నటి కణం ఎంత ఆగుతుంది అన్నది. మీ బ్రోచర్లలో దానికి జవాబు కనిపించదు.

కనిపించేది "99 శాతం శుద్ధి" లాంటి మాట. దేనిలో 99 శాతం? మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. పుప్పొడి రేణువు పది మైక్రాన్లకు పైనే ఉంటుంది, చాలా రకాలు ఇరవై ముప్పై మైక్రాన్లుంటాయి. దాన్ని ఆపడం ఏ ఫిల్టర్‌కైనా కష్టం కాదు. రోడ్డు మీద లేచే దుమ్ములో లావుపాటి రేణువులు కూడా అంతే. డీజిల్ పొగలోని మసి కణం అలాంటిది కాదు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటే, ఈ మసి కణాల్లో ఎక్కువ భాగం ఒక మైక్రాన్‌లో పదో వంతు దరిదాపుల్లో ఉంటాయి. ఊపిరితిత్తుల చివరి గదుల దాకా వెళ్లేవి, అతి సన్నటివైతే అక్కడి నుంచి రక్తంలోకి కూడా చేరేవి ఇవే. పుప్పొడి మీద 99 శాతం తెచ్చుకున్న ఫిల్టర్ వీటిలో పెద్ద భాగాన్ని వదిలేస్తూ ఉండవచ్చు. ఆ సంగతి 99 అన్న అంకె వెనక దాక్కుంటుంది.

ఇంకా చిక్కేమిటంటే, సరిగ్గా ఈ సైజే ఫిల్టర్లకు కొరకరాని కొయ్య. లావు కణం గాలితో పాటు మలుపు తిరగలేక నేరుగా పోయి పీచుకు గుద్దుకుంటుంది. మరీ సన్నటి కణం తిన్నగా పోలేక అటూ ఇటూ ఊగుతూ ఏదో ఒక పీచుకు అంటుకుంటుంది. మధ్యలో, 0.1 నుంచి 0.3 మైక్రాన్ల మధ్య ఉన్నవి ఈ రెండింటికీ దొరక్కుండా జారుకుంటాయి. అతి సన్నటి కణాల్ని పట్టే హెపా రకం ఫిల్టర్లను 0.3 మైక్రాన్ల దగ్గర 99.97 శాతం అని కొలవడానికి కారణం అదే. అన్నిటికన్నా కష్టమైన సైజు దగ్గర పరీక్ష పెట్టి ఆ అంకె చెబుతారు. ఫిల్టర్ గురించి నిజాయితీగా మాట్లాడడమంటే అది.

దీన్ని దాటడానికి ఫిల్టర్ తయారుచేసేవాళ్లు ఒక ఉపాయం చేస్తారు. ప్లాస్టిక్ పీచుకు విద్యుదావేశం ఎక్కిస్తారు. దాంతో సన్నటి కణాలను లాక్కుంటుంది, పీచు పలచగానే ఉంటుంది కాబట్టి గాలి సులువుగా పోతుంది. తెలివైన పద్ధతే. కానీ ఆ ఆవేశం శాశ్వతం కాదు. మసి పేరుకునే కొద్దీ, తేమ తగిలే కొద్దీ తగ్గిపోతుంది. కొత్తలో బ్రహ్మాండంగా పనిచేసిన ఫిల్టర్ కొన్ని నెలలకే సన్నటి కణాల విషయంలో చేతులెత్తేస్తుంది. పైకి చూస్తే పెద్ద మురికిగా కూడా ఉండదు. ల్యాబ్‌లో పెట్టెలోంచి అప్పుడే తీసిన ఫిల్టర్ మీద వచ్చిన అంకెను చూపిస్తే కారు యజమానికి తెలిసేది మొదటి రోజు సంగతి మాత్రమే.

భవనాల ఫిల్టర్లవాళ్లు ఈ విషయంలో మీకన్నా ముందున్నారు. 2016లో వచ్చిన ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) 16890 ప్రమాణం ప్రకారం ఫిల్టర్ పీఎం1లో, అంటే ఒక మైక్రాన్ లోపు కణాల్లో, ఎంత ఆపుతుంది, పీఎం2.5లో ఎంత, పీఎం10లో ఎంత అని విడివిడిగా చెప్పాలి. అంతేకాదు, ఫిల్టర్‌ని కొత్తగా ఉన్నప్పుడు ఒకసారి, దాని విద్యుదావేశాన్ని తీసేసి మరోసారి పరీక్షించి, రెండింటి సగటును లెక్కలోకి తీసుకుంటారు. ఆఫీసు పైకప్పు మీద ఎవరి కంటా పడని ఫిల్టర్‌కే ఇంత లెక్క ఉంటే, మనిషి మొహానికి మూరెడు దూరంలో పనిచేసే ఫిల్టర్‌కి ఎందుకు ఉండకూడదు? కార్ల క్యాబిన్ ఫిల్టర్లకూ ఐఎస్ఓ 11155 అనే పరీక్షా పద్ధతి ఉంది. దుమ్ముకు ఒక భాగం, వాయువులకు ఒక భాగం. మీకు ఫిల్టర్లు సరఫరా చేసేవాళ్లు ఏ సైజు దగ్గర ఎంత ఆపుతుందో గ్రాఫు గీసి ఇవ్వకుండా మీ కొనుగోలు విభాగం ఆర్డర్ ఇవ్వదు. అంటే అంకెలు మీ దగ్గర ఉన్నాయి. లేనిది మా దగ్గరే.

గ్లవ్ బాక్స్ తీసి చూపిస్తే తప్ప చాలామందికి ఈ వస్తువు ఉందని తెలియదు. రెండు పక్కలా నొక్కితే బాక్స్ కిందికి వాలుతుంది, పక్కన చిన్న తాడులాంటిది ఉంటే దాన్ని విప్పాలి, వెనక పొడవాటి మూత కనిపిస్తుంది. క్లిప్పులు నొక్కి మూత తీసి ఫిల్టర్‌ని అడ్డంగానే, వంచకుండా మెల్లగా లాగాలి. వంచితే పైనున్న చెత్తంతా బ్లోవర్‌లో పడుతుంది. ఒక ఎండుటాకు ముక్క పడినా చాలు, ఫ్యాన్ తిరిగినప్పుడల్లా టకటకమంటుంది. బయటికొచ్చిన ఫిల్టర్ మడతల్లో ఆకులు, గింజలు, పురుగుల రెక్కలు, కొన్నిసార్లు ఎలుకలు చేర్చిన దూది. తెల్లగా ఉండాల్సిన పీచు బూడిద రంగు దాటి నల్లబడి ఉంటుంది. కారు యజమాని పక్కనే నిలబడి ఉంటే ఒక్క క్షణం మాట రాదు. ఆ తర్వాత ప్రతి ఒక్కరూ ఒకే మాట అడుగుతారు: "ఇన్నాళ్లూ ఈ గాలేనా పీల్చింది?"

ఫిల్టర్ అసలు లేని కార్లూ చూస్తుంటాను. స్లాట్ ఉంటుంది, మూత ఉంటుంది, లోపల ఖాళీ. పై వేరియంట్‌కి ఫిల్టర్ ఇచ్చి, కింది వేరియంట్‌కి ఆ ఒక్క ముక్క తీసేసిన మోడళ్లు ఉన్నాయి. అలాంటి కార్లలో దుమ్మంతా నేరుగా కూలింగ్ కాయిల్ మీద తడి దుప్పటిలా పేరుకుంటుంది. దాని మీద బూజు పడుతుంది, ఏసీ వేయగానే ముక్కిపోయిన వాసన. గాలి సరిగా రాక కాయిల్ మీద ఐస్ కడుతుంది. చివరికి డ్యాష్‌బోర్డ్ మొత్తం విప్పాలి. పలచటి కాగితపు మడత ఒకటి మిగిల్చుకున్నందుకు ఇంత పని. తక్కువ ధర కారు కొన్నవాళ్ల ఊపిరితిత్తులు తక్కువ రకానివి కావు. దయచేసి ఇది మానేయండి. సీటు బెల్టు ఏ వేరియంట్‌లోనైనా ఎలా ఉంటుందో ఫిల్టర్ కూడా అలాగే ఉండాలి.

సీటు బెల్టుతో కలిపి మాట్లాడితే ఎక్కువ చెబుతున్నానని అనుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిల్ పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటిలో మొదటి వర్గంలో చేర్చింది. మరుసటి ఏడాది బయటి గాలి కాలుష్యం మొత్తాన్నీ అదే వర్గంలో పెట్టింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పీఎం2.5కి ఏడాది సగటు పరిమితిని ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాముల నుంచి 5కి తగ్గించింది. కారు గాలి తీసుకునే చోటు ముందున్న బండి సైలెన్సర్‌కి ఎంత దగ్గరో చూడండి. రోడ్డు పక్కన గోడకు తగిలించిన యంత్రం కొలిచే గాలి వేరు, ఆ జాలీలోంచి దూరే గాలి వేరు. కారు ఎక్కితే తలుపులేసుకున్నాం కదా, కాలుష్యం బయటే ఉండిపోయిందనుకుంటారు జనం. ట్రాఫిక్ మధ్యలో ఉన్న కారు నిజానికి ఆ పొగ పుట్టేచోటే ఉంది.

అందరికన్నా ఎక్కువ నష్టపోయేది కారు నడపడమే బతుకుదెరువైనవాళ్లు. ట్యాక్సీ డ్రైవర్లు, సరుకులు చేరవేసేవాళ్లు రోజులో చాలా గంటలు సీట్లోనే ఉంటారు. వాళ్ల తర్వాత పిల్లలు. శరీర బరువుతో పోల్చి చూస్తే పిల్లలు పెద్దవాళ్లకన్నా ఎక్కువ గాలి పీలుస్తారు, వాళ్ల ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతూనే ఉంటాయి. ఆస్తమా ఉన్న పిల్లల్ని స్కూలుకు కారులో దింపే తల్లిదండ్రులు, బస్సుకన్నా ఇదే నయమని అలా చేస్తున్నారు. ఆ నమ్మకం నిలబడాలంటే ఫిల్టర్ ఆ పని చేయాలి.

వాయువుల సంగతి విడిగా చెప్పాలి. ఎంత మంచి పీచు ఫిల్టరైనా వాయువుల్ని ఆపదు. నైట్రోజన్ డయాక్సైడ్, ఓజోన్, పెట్రోలు ఆవిరి, ముక్కు మండించే వాసనలు, ఇవన్నీ ఆగాలంటే యాక్టివేటెడ్ కార్బన్ కావాలి. ఒక్క గ్రాము కార్బన్‌లో కంటికి కనపడని రంధ్రాల గోడలన్నీ పరిచి కొలిస్తే వెయ్యి చదరపు మీటర్ల దాకా వస్తుంది. వాయువు అణువులు ఆ గోడలకు అంటుకుంటాయి. కాబట్టి ఎన్ని గ్రాముల కార్బన్ ఉందన్నదే ముఖ్యం. బజారులో కార్బన్ ఫిల్టర్ అని అమ్మేవాటిలో కొన్నింటిని చేతిలో పట్టుకుంటేనే తెలిసిపోతుంది, మామూలు ఫిల్టర్‌కన్నా ఏమాత్రం బరువుండదు. రంగు మాత్రం నల్లగా ఉంటుంది. మీ ఒరిజినల్ ఫిల్టర్ మీద కార్బన్ ఎన్ని గ్రాములో రాస్తే, ఆ నకిలీలు ఎంత బోలువో జనానికి తెలుస్తుంది. మీకూ అదే మేలు.

కార్బన్ నిండిపోయాక చూపుకు ఏ తేడా ఉండదు, దుమ్ము పట్టిన పీచులా నల్లబడదు. ఎప్పుడు మార్చాలో కంటితో తేల్చలేం. ఇక కార్బన్ మోనాక్సైడ్ ఈ ఫిల్టర్లలో దేనికీ చిక్కదు. ఈ ముక్క మాత్రం మాన్యువల్‌లో పెద్ద అక్షరాలతో ఉండాలి. మంచి ఫిల్టర్ ఉంది కదా అని మూసిన గ్యారేజీలో ఇంజిన్ ఆన్ చేసుకుని కూర్చుంటే ప్రాణం పోతుంది. ఫిల్టర్ ఏం చేయగలదో చెప్పినంత స్పష్టంగా ఏం చేయలేదో కూడా చెప్పండి.

ఎప్పుడు మార్చాలన్న లెక్క కూడా సరిగా లేదు. మాన్యువల్‌లో ఇన్ని వేల కిలోమీటర్లకు లేదా ఏడాదికి ఒకసారి అని ఉంటుంది. ఫిల్టర్‌కి కిలోమీటర్లతో ఏం పని? హైవే మీద రయ్యిమని 300 కిలోమీటర్లు పోయిన కారు, ఊళ్లో ట్రాఫిక్‌లో 30 కిలోమీటర్లు పాకిన కారు ఒకే సమయం నడిచి ఉండవచ్చు. ఫిల్టర్ ఎక్కువ మురికి తినేది రెండో కారులో. మీటరు చూసి మారుస్తే అది పదింతలు ఆలస్యంగా మారుతుంది. బ్లోవర్ ఎన్ని గంటలు ఏ వేగంతో తిరిగిందో, బయటి గాలి ఎంతసేపు తీసుకుందో కారులోని కంప్యూటర్‌కి తెలుసు. ఇంజిన్ ఆయిల్ ఇంకెంత కాలం పనికొస్తుందో లెక్కగట్టి స్క్రీన్ మీద చూపించే కార్లు మీరే చేస్తున్నారు. ఇంజిన్ పీల్చే గాలికీ ఫిల్టర్ ఉంది, దాని మీద మీకు శ్రద్ధ ఉంది. మనిషి పీల్చే గాలికీ ఆ లెక్క చూపించండి.

మార్చడం సులువుగా ఉండడం కూడా డిజైన్‌లో భాగమే. కొన్ని కార్లలో రెండు నిమిషాల పని, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. మరికొన్నింటిలో యాక్సిలరేటర్ పక్కన తల దూర్చి, బోల్టులు విప్పి, ఫిల్టర్‌ని నలిపి ఇరుకు సందులోంచి తోయాలి. నలిగిన ఫిల్టర్ అంచు గోడకు సరిగ్గా ఆనదు. గాలి ఎప్పుడూ సులువైన దారే వెతుక్కుంటుంది. వేలు పట్టేంత సందు ఉంటే చాలు, చాలా గాలి ఫిల్టర్‌ని తప్పించుకుని పోతుంది. అప్పుడు పెట్టె మీద ఎంత గొప్ప అంకె రాసినా ఉపయోగం లేదు. అందుకే నేనడిగే అంకె ఫిల్టర్‌ని ఒంటరిగా ల్యాబ్‌లో పెట్టి కొలిచింది అయితే సరిపోదు. కారులో బిగించి, రోడ్డు మీద నడిపి, బయట ఎంత ఉంది, లోపల ఎంత ఉంది అని కొలిచిన అంకె కూడా కావాలి.

మీ సర్వీస్ సెంటర్లకు కూడా ఒక మాట చేరవేయండి. ఫిల్టర్ తీసి కంప్రెసర్‌తో ఎయిర్ కొట్టి మళ్లీ పెట్టడం మాన్పించండి. పైపై దుమ్ము ఎగిరిపోయి తెల్లగా కనిపిస్తుంది కానీ, పీచు లోపల ఇరుక్కున్న మసి రాదు, పోయిన విద్యుదావేశం తిరిగి రాదు. ఆ గాలి దెబ్బకు పీచు అక్కడక్కడా చిరుగుతుంది కూడా. నీళ్లతో కడగడం ఇంకా ఘోరం. బిల్లులో మార్చినట్టు ఉండి, విప్పి చూస్తే పాతదే కనిపించిన సందర్భాలు నాకు ఎదురయ్యాయి. ఎవరిదన్నది ఇక్కడ అనవసరం. పాత ఫిల్టర్‌ని యజమాని చేతికివ్వాలన్న ఒక్క నియమం పెడితే ఈ గొడవ ఉండదు. కొత్తది పెట్టేటప్పుడు గాలి దిశ చూపే బాణం గుర్తు సరిచూడడం కూడా నేర్పించండి. తలకిందులుగా పెట్టినవి ఎన్నో తీశాను.

మీ ఇంజనీర్లు ఏమంటారో నాకు తెలుసు. సన్నటి ఫిల్టర్ పెడితే గాలి తగ్గుతుంది, బ్లోవర్ మీద భారం పడుతుంది, చప్పుడు పెరుగుతుంది, ముందు అద్దం మీది ఆవిరి త్వరగా పోదు. నిజమే, ఇప్పుడున్న పలచటి స్లాట్‌లో మందపాటి హెపా ముక్క కుక్కితే అదే జరుగుతుంది. బయట కొని అలా కుక్కినవాళ్లు "ఏసీ గాలి రావట్లేదు" అని నా దగ్గరికే వస్తారు. అందరికీ హెపాయే కావాలని నేను పట్టుబట్టడం లేదు. ఫిల్టర్ వైశాల్యం పెంచండి, మడతలు లోతుగా చేయండి, దానికి చోటు ముందే కేటాయించండి. ఒకే పీచైనా రెట్టింపు వైశాల్యంలో పరిస్తే గాలి నెమ్మదిగా దాటుతుంది, అడ్డు తగ్గుతుంది, సన్నటి కణాలు ఎక్కువ ఆగుతాయి, ఫిల్టర్ కూడా ఎక్కువ కాలం వస్తుంది. టెస్లా 2015లో మోడల్ ఎక్స్‌తో కారులో పెద్ద హెపా ఫిల్టర్ పెట్టి చూపించింది. అది ఖరీదైన కారు కాబట్టి సాగిందనవచ్చు. అయితే ఎయిర్‌బ్యాగులు కూడా ఒకప్పుడు ఖరీదైన కార్లలోనే ఉండేవి.

ఎలక్ట్రిక్ కార్లు వచ్చేస్తున్నాయి కదా, ఇంకెందుకు ఇదంతా అనేవాళ్లూ ఉన్నారు. పొగ తగ్గుతుంది, సంతోషం. కానీ టైర్ల అరుగుదల, బ్రేకుల పొడి, రోడ్డు దుమ్ము ఎక్కడికీ పోవు. పాత డీజిల్ లారీలు ఇంకా చాలా ఏళ్లు మన ముందే వెళుతుంటాయి.

రీసర్క్యులేషన్ గురించి కూడా ఆలోచించండి. బయటి పొగను పసిగట్టి, బయటి గాలి వచ్చే దారిలోని చిన్న తలుపును దానంతటదే మూసే సెన్సర్లు కొన్ని కార్లలో ఎప్పటినుంచో ఉన్నాయి. మూసిన తలుపును ఎప్పుడు తెరవాలో చెప్పే కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ కూడా పక్కన పెడితే ఆ పని పూర్తవుతుంది. అది కుదరకపోతే కనీసం కొన్ని నిమిషాలకోసారి తలుపు కాస్త తెరుచుకునేలా ప్రోగ్రామ్ రాయండి. ఇప్పటికే అద్దాల మీద ఆవిరి పట్టకుండా ఉండడానికి మీరు ఇలాంటివి చేస్తున్నారు. కొత్త కారు వాసన విషయంలో కూడా ఇంతే. ఆ వాసన సీట్లు, జిగుర్లు, ప్లాస్టిక్ వదిలే రసాయనాలదని, దాన్ని కొలిచే పద్ధతి ఐఎస్ఓ 12219లో ఉందని మీకు తెలుసు. బయటి నుంచి వచ్చేదాన్ని కొలిచేవాళ్లు లోపల పుట్టేదాన్ని కూడా కొలిచి చెప్పాలి.

వీటిలో కొన్నింటికి సమయం పడుతుందని ఒప్పుకుంటాను. కొత్త డిజైన్ అంటే కొన్నేళ్ల పని. కానీ ఇప్పటికే రోడ్డు మీదున్న కార్లకు ఒక పని ఈ నెలలోనే చేయవచ్చు, ఒక్క బోల్టు కూడా మార్చనక్కర్లేదు. మీరు అమ్మిన ప్రతి మోడల్, ప్రతి వేరియంట్ పేరు, దాని క్యాబిన్ ఫిల్టర్ పార్ట్ నంబరు, ఉందా లేదా, 0.3 మైక్రాన్ల దగ్గర, పీఎం1 దగ్గర, పీఎం2.5 దగ్గర ఎంత శాతం, కొత్తలో ఎంత, ఆవేశం పోయాక ఎంత, కార్బన్ ఎన్ని గ్రాములు, ఫిల్టర్ రీసర్క్యులేషన్ గాలికి కూడా అడ్డుగా ఉందా లేక బయటి గాలికి మాత్రమేనా అన్నది ఒక పట్టిక చేసి మీ వెబ్‌సైట్‌లో పెట్టండి. మా మెకానిక్‌లు దాన్ని ప్రింట్ తీసి షెడ్డు గోడకు అంటించుకుంటారు. కారు కొనబోయేవాళ్లు మైలేజీని, ఎయిర్‌బ్యాగుల లెక్కను పోల్చుకున్నట్టే దీన్నీ పోల్చుకుంటారు. ఎవరి అంకె తక్కువగా ఉంటే వాళ్లే తర్వాతి మోడల్‌లో సరిచేసుకుంటారు.

ఖాళీ స్లాట్‌తో అమ్మిన కార్లకు వచ్చే సర్వీసులోనే మూత తీసి ఉచితంగా ఫిల్టర్ పెట్టించండి. అది కూడా ఈ పట్టికతో పాటే ప్రకటించండి.

ఇట్లు,
ఒక కారు ఏసీ మెకానిక్